ఏడన్న సొంత గ్లాసు
మా కాలువ గట్టున పడవలు చేసే థాన్, ఇంట్లో ఏడో సంతానం కాబట్టి ఊరందరికీ ఏడన్న. సాయంత్రమైతే అతని పాకలో చాప పరిచి ఎనిమిదిమందిమి గుండ్రంగా కూర్చుంటాం. మధ్యలో కాల్చిన కొరమీను, సీసాడు వరి సారా, ఒకే ఒక్క గ్లాసు. ఒకడు తాగి పక్కవాడికి పోసివ్వాలి. సొంత గ్లాసు అడిగినవాణ్ణి మేం మనిషిగా లెక్కపెట్టం.

కిందటేడు ఉచిత వైద్య శిబిరంలో ఏడన్న పరీక్షకి రక్తమిచ్చాడు. హెపటైటిస్ బి ఉందని రాశారు. కాలేయం మాత్రం ప్రస్తుతానికి బాగానే ఉందట. ఆయన ఆ ‘బాగానే ఉంది’ ఒక్కటే చదువుకుని, కాగితం తెచ్చి మా అందరికీ గొప్పగా చూపించాడు. మాలో పెద్దవాడు, వాళ్లింట్లో ఐదోవాడైన ఐదన్న లుయెన్ మాత్రం పై వరస చదివాడు.

“ఒరే ఏడూ, ఏమనుకోకు. రేపట్నుంచి నీ గ్లాసు నువ్వు తెచ్చుకోరా.”

తెచ్చుకున్నాడు. తన పాకలో తనే చాప చివర కూర్చున్నాడు. అయితే సొంత గ్లాసుకి వంతేముంది? మాకు ఒకటి అందేలోపు ఆయన మూడు పోసుకునేవాడు. జబ్బున్న కాలేయానికి మేమంతా కలిసి సారా పెంచిపెట్టాం. నాకు ఒళ్లు మండేది. అయినా నా వంతు గ్లాసు నేను తాగేవాణ్ణి.

ఆరునెలలకి భార్య న్యాన్ ఆయన్ని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. తోడు నేను వెళ్లాను.

“గ్లాసెందుకు మార్చారు? ఎంగిలితో ఇది అంటుకోదు. రక్తంతో వస్తుంది, పడకలో వస్తుంది, కాన్పులో తల్లి నుంచి బిడ్డకొస్తుంది. సారా మానండి ముందు,” అంది డాక్టరమ్మ.

“కాలేయం బాగానే ఉందన్నారుగా అమ్మా?” అన్నాడు ఏడన్న.

“ఇవాళ్టికి బాగుంది. రేపటి సంగతి తెలియాలంటే ఆరునెలలకోసారి రక్తపరీక్ష, స్కానింగ్ చేయించాలి. అవసరమైతే మందులిస్తాం. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి, జబ్బు లేనివాళ్లకి టీకాలు వేయిస్తే సరి.”

తిరిగొచ్చి నేను ‘ఎంగిలితో అంటుకోదట’ అనగానే పాకలో అందరి తలలూ వంగాయి. ఐదన్న ఉమ్మడి గ్లాసు నిండా పోసి, మొదట ఏడన్నకే అందించాడు. ఆరునెలలుగా ఆయన ఎదురుచూసిన గ్లాసు అది.

“వద్దన్నా. నాకింక టీయే.”

“మా చేత్తో ఇస్తే కాదంటావట్రా?” అని ఐదన్న చిన్నబుచ్చుకున్నాడు.

టీ తెచ్చిన న్యాన్ ఊరుకోలేదు. “ఇంతకీ మీలో ఎవరైనా పరీక్ష చేయించుకున్నారా బావగారూ? నేను చేయించుకున్నా. నాకు లేదు.”

ఒక్కరమూ చేయించుకోలేదు. ఆడమనిషి ముందు పరువు పోతుందని మర్నాడే ఏడుగురం వెళ్లాం. వారానికి కాగితాలొచ్చాయి. ఆరుగురం బతికిపోయాం.

ఆ సాయంత్రం ఐదన్న పాక గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఒక చేతిలో కాగితం, ఇంకో చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసు.

ఏడన్న తన గ్లాసులో టీ పోసుకుని సగం తాగాడు. మిగతా సగం చెయ్యి చాచి అందించాడు.

“రా అన్నా, నీ వంతు.”