జైబున్నీసా గారు చెప్పినది తెలుగు

పేరు షేక్ జైబున్నీసా. వయస్సు అరవై ఆరు సంవత్సరాలు. నివాసం జగ్గయ్యపేట. ఆమెను కుటుంబరావు ఇరవై నాలుగేళ్లుగా, అనగా 1982లో ఆమె నందిగామ దారిలోని ఉన్నత పాఠశాలకు బదిలీపై వచ్చిన నాటి నుండి ఎరుగును. అప్పుడాయన ఆ పాఠశాల గుమాస్తా. ఆమె చేరిక ఉత్తర్వు మొదలు పదవీ విరమణ ఉత్తర్వు వరకు ప్రతి కాగితానికీ నకలు తీసినవాడు ఆయనే. అన్నింటిలోనూ ఆమె పేరు ప్రక్కన ఆయన రాసినది ఒకటే మాట: తెలుగు పండితురాలు.

పాఠశాలకు ఈ 2006తో యాభై ఏళ్లు నిండాయి. వచ్చే ఆదివారం స్వర్ణోత్సవం. పూర్వ ఉపాధ్యాయుల పేర్లతో ముఖద్వారం వద్ద నల్లరాతి పలక బిగించారు. దాని మీద ‘శ్రీమతి జైబున్నీసా, ఉర్దూ ఉపాధ్యాయిని’ అని ఉంది.

కుటుంబరావుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బడిలో ఉర్దూ ఏనాడూ లేదు. పోస్టే మంజూరు కాలేదు.

జైబున్నీసా గారి తండ్రి మీరావలి లారీ డ్రైవరు. ఆ ఇంట పుట్టి పెరిగిన భాష తెలుగే. బంధువులు "ఆడపిల్లకి ఆ ఛందస్సూ వ్యాకరణం ఎందుకయ్యా?" అంటే, "దానికిష్టం" అని ఒక్క ముక్కలో తేల్చి ఆమెను భాషాప్రవీణ చదివించాడు. ఆ ఇష్టం ఉద్యోగంతో తీరేది కాదు. వేదాద్రికి విహారయాత్ర తీసుకెళితే, ఆ ఊరి పేరును విడదీసి సంధి చెప్పందే పిల్లలను బస్సు దిగనిచ్చేవారు కాదు. ఒకసారి కండక్టరు విసిగిపోయి, "సవర్ణదీర్ఘమో ఏదో నేను చెప్పేస్తున్నా, ముందు పిల్లల్ని దించండమ్మా" అన్నాడు. "సరిగ్గానే చెప్పారు. ఇప్పుడు విడదీయండి" అన్నారామె.

ఇంతటి మనిషిని పేరు చూసి కొలవడం కొత్త కాదు. 1994లో తనిఖీకి వచ్చిన అధికారి హాజరు పట్టీ చూసి, "ఉర్దూ సెక్షన్ ఎటువైపు?" అని అడిగారు. "మా బళ్లో లేదండి. తొమ్మిదో తరగతి తెలుగు ఉంది, రండి" అని ఆమె ముందు నడిచారు. 1998లో పదవీ విరమణ చేశాక దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. పరీక్షకు విజయవాడ వెళ్తే, గుమ్మంలో ఉన్నాయన "పిల్లలకి తోడొచ్చారా? బయట కూర్చోండమ్మా" అన్నాడు. "హాల్ టికెట్టు నాదేనండి" అని చూపించి లోపలికి వెళ్లారు. ఉత్తీర్ణులై వచ్చారు.

ఈ అవమానాలన్నీ నోటిమాటలు. ఇప్పటిది రాతి మీద చెక్కినది. అందుకే కుటుంబరావు ఉత్సవ కమిటీ కార్యదర్శి తిరుపతిరావు ఎరువుల కొట్టుకు వెళ్లారు. ఇతడు ఆ బడిలోనే పదో తరగతి వరకు చదివినవాడు.

"జైబున్నీసా గారు నీకేం చెప్పారయ్యా?"

"తెలుగేనండి."

"ఉర్దూ ఒక్క అక్షరం చెప్పారా?"

"లేదండి."

"మరి రాతి మీద ఉర్దూ అని రాసిచ్చిందెవరు?"

"నేనేనండి. పేరు రాయగానే పక్కన అదే వచ్చేసింది చేతికి." తిరుపతిరావు తల గోక్కున్నాడు. "అయినా ఇప్పుడావిడ ఉర్దూ నేర్చుకుంటున్నారంటగా. పెద్ద తేడా ఏముందండి?"

నేర్చుకుంటున్న మాట నిజం. మనవరాలు జాకియా ఉర్దూ అక్షరాలు దిద్దుతుంటే చూసి, తానూ అరవై అయిదో ఏట ఆ పిల్ల ప్రక్కన కూర్చున్నారు. చదువు మీద అంతటి ఆశ గల మనిషి ఇప్పుడు మొదటి వాచకంలో ఉన్నారు. దాన్ని తెచ్చి, పిల్లలకు తెలుగు చెప్పిన ఏళ్లన్నింటి మీద మూతలా కప్పుతారా?

"నీ కొట్టు మీద కిళ్లీ కొట్టని బోర్డు పెడితే ఊరుకుంటావా?" అన్నారు కుటుంబరావు.

"మీరు మరీనండి. రాయి మార్చాలంటే కుదరదు, దాతల పేర్లన్నీ దానిమీదే ఉన్నయ్. కావాలంటే ఆ మాట మీద నల్లరంగు పూయిస్తా."

కుటుంబరావు జైబున్నీసా గారి ఇంటికి వెళ్లి ఈ సంగతి చెప్పారు. జాకియా, "నానమ్మా, నువ్వు ఫంక్షన్‌కి వెళ్తావా?" అని అడిగింది.

"వెళ్లను" అన్నారామె. తరువాత కుటుంబరావు వైపు తిరిగి, "రావు గారూ, పేరు తప్పు రాసినా సర్దుకునేదాన్ని. పని తప్పు రాశారండి. రంగు పూస్తే నేను ఏ పనీ చెయ్యనట్టే కదా" అన్నారు.

ఆమెకు కోపం రావడం కుటుంబరావు చూడడం అదే మొదలు. న్యాయమైన కోపమని ఆయన దృఢాభిప్రాయం.

కావున స్వర్ణోత్సవ కమిటీ వారికి, పాఠశాల ప్రధానోపాధ్యాయుల వారికి కుటుంబరావు వినయపూర్వకంగా విన్నవించడమేమనగా: సదరు పలకపై జైబున్నీసా గారి పేరు ప్రక్కన గల ‘ఉర్దూ ఉపాధ్యాయిని’ అను మాటలు యథార్థమునకు విరుద్ధము. వాటి స్థానమున ‘తెలుగు పండితురాలు’ అని చెక్కించిన క్రొత్త పలకను ఆదివారమునకు ముందే బిగింపవలెను. రంగు పూయుట సమ్మతము కాదు. క్రొత్త పలక అప్పటికి సాధ్యపడనిచో ఆవిష్కరణను వాయిదా వేయవలెను. సవరణ జరిగిన పిదప కమిటీ వారు స్వయముగా జగ్గయ్యపేట వెళ్లి, ఆమెను తెలుగులో, తప్పులు లేకుండా ఆహ్వానింపవలసినదిగా ప్రార్థన.