నా సూట్‌కేస్ తిరిగిన ఊళ్లు

ఆ రోజుల్లో నేనింకా చిన్నవాణ్ణే, రిటైరై మూడు నెలలు కూడా కాలేదు. ఉద్యోగంలో ఎంత ముదిరినవాడైనా రిటైర్మెంట్‌లోకి అడుగుపెట్టేసరికి మళ్లీ ఒకటో తరగతి పిల్లవాడైపోతాడు (పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియదు, ఎవరైనా చెయ్యి పట్టుకొని తీసుకుపోతే బాగుండుననిపిస్తుంది). రాష్ట్రం వచ్చిన కొత్త. నల్లగొండలో ఆఫీసుల మీద బోర్డులు మారుతున్నాయి, కొత్త బండ్ల నంబర్ల ముందు కొత్త అక్షరాలు వస్తున్నాయి. నేనొక్కణ్ణే ఏమీ మారకుండా, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, జేబులో పెన్ను పెట్టుకొని తొమ్మిదిన్నరకల్లా వరండాలో కూర్చునేవాణ్ణి. "ఆఫీసుకు పోయినట్టే తయారైతవు, పొయ్యేదొక్కటే తక్కువ" అని మా ఇంటావిడ రోజూ అనేది. మా నీటిపారుదల ఆఫీసు వాళ్లు వీడ్కోలు సభలో నాకు శాలువాతో పాటు బూడిద రంగు గట్టి సూట్‌కేస్ ఒకటి ఇచ్చారు. "ఇగ దేశాలు తిరగండి సార్" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఉద్యోగమంతా నల్లగొండకూ దేవరకొండకూ మధ్య తిరిగినవాణ్ణి, దేశాలు ఎటువైపు ఉంటాయో కూడా నాకు తెలియదు. అందుకని ఆ పెట్టెలో నా డైరీలు పెట్టుకున్నాను.

అలాంటి సమయంలో మా అక్క కొత్తకోట పక్క ఊరి నుంచి ఫోన్ చేసి నాకో పని అప్పగించింది. తన కొడుకు హైదరాబాదులో ఏం చేస్తున్నాడో వెంట ఉండి చూసి రమ్మంది. ఆ కొడుకుని ఇంట్లో అందరం టకటక అనేవాళ్లం. చిన్నప్పుడు వాడి ముందు పళ్లెం పెడితే ముందు దాన్ని వాయించి, తర్వాత అన్నం తినేవాడు. డిగ్రీ చదవడానికని హైదరాబాదు పోయి డ్రమ్ములు నేర్చుకున్నాడు. శుక్రవారం ఒక బృందంతో రాక్ వాయిస్తాడు, ఆదివారం ఇంకో బృందంతో జాజ్ వాయిస్తాడు, మధ్యలో పెళ్లి వస్తే పెళ్లిలో, భజన వస్తే భజనలో. ఏ పాటకైనా పనికొస్తాడని వాళ్లలో వాడికి పేరు. మా బావకు మాత్రం, ఏ పాటకైనా పనికొచ్చేవాడు ఏ పనికీ పనికిరానివాడని అభిప్రాయం.

నేను వెళ్లింది చూసి రావడానికే అయినా, వారం తిరిగేసరికి ఎవరూ అడగకుండానే వాళ్ల మేనేజరునైపోయాను. ఇన్నేళ్లు ఆఫీసు నడిపినవాణ్ణి, ఒక వ్యానూ నలుగురు కుర్రాళ్లూ ఎంత అనుకున్నాను. నా హయాంలో ఆ బృందం ప్రతి కార్యక్రమానికీ ఎంత ముందుగా చేరుకునేదంటే, వాచ్‌మన్ ఇంకా గేటు తాళం తీసేవాడు కాదు. అప్పుడు అందరం రోడ్డు పక్కన నిలబడి, మా అక్క పంపిన సర్వపిండి తినేవాళ్లం. రాక్ అంటే తలకాయ ఊపే సంగీతమనీ, జాజ్ అంటే బొటనవేలు ఊపే సంగీతమనీ అప్పట్లో డైరీలో రాసుకున్నాను (ఇప్పటికీ అంతకంటే ఎక్కువ తెలియదు). జాజ్ మొదటిసారి విన్న రోజు నేను టకటకను పక్కకు పిలిచి మందలించాను కూడా. డబ్బు తీసుకొని, పాట సగంలో కొట్టడం ఆపి, ఏదో ఇనుప తీగల కుచ్చుతో డ్రమ్మును ఊడుస్తూ కూర్చోవడం పద్ధతి కాదన్నాను. వాడు చాలా ఓపికగా, "మామా, గది కొట్టుడే" అన్నాడు.

ఇక అసలు చిక్కు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ ఉద్యోగం నేనే తిరిగి తిరిగి వాడికి కుదిర్చాను. సోమవారం చేరాలి. దానికి ముందు ఆదివారం షాద్‌నగర్ దాటాక ఒక రిసార్టు తోటలో వాళ్ల జాజ్ కార్యక్రమం. ఆ రోజు బృందంతో కలిసి వాయించడానికి బెంగళూరు నుంచి ఒక పెద్దాయన వస్తున్నాడు. గడ్డం సారు అంటారు, సాక్సఫోన్ వాయిస్తాడు. ఊళ్లు తిరుగుతూ కచేరీలు చేయడానికి ఆయనకు డ్రమ్మర్ కావాలి. ఆయనకు నచ్చి తీసుకుపోతే సరి, లేకపోతే సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు ఉంటానని టకటక తల్లికి మాటిచ్చాడు. బావ దానికీ ఒప్పుకోలేదు. ఆయన గొర్ల కాపరి. ఏటా కోతలైపోయాక మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు వలసపోతే మళ్లీ వానలకు గానీ ఇల్లు చేరేవాడు కాదు. "వీడు పుట్టినప్పుడు నేను మంద ఎంబడి ఉన్న. ఇంటికొచ్చేటాలకు పారాడుతుండె. నన్ను జూసి దొంగొచ్చిండని ఏడ్చిండు" అని నాతో ఒకసారి చెప్పాడు. "ఊరూరు తిరిగే బతుకు నాతోనే ఆఖరు కావాలె, బామ్మర్ది. వీడన్న ఒక్క జాగల పండాలె." ఆదివారం తానే వచ్చి, రాత్రి బస్సులో కొడుకును వెంటబెట్టుకొని నల్లగొండ మా ఇంటికి తీసుకుపోవాలని ఆయన నిర్ణయం. తన ఊరికన్నా ఫ్యాక్టరీకి అక్కణ్ణుంచి దగ్గర.

ఆదివారం సన్నగా తుంపర పడుతోంది. బావ వచ్చీ రాగానే అన్న మాట, "నా గొంగడి కనపడ్తలేదు." నెల రోజులుగా వెతుకుతున్నాడట. గొర్ల కాపరికి గొంగడి పోతే సగం ఇల్లు పోయినట్టే. ఆయన అలా మాట్లాడుతూనే వేదిక మీదికెక్కి, అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము దగ్గర వంగి, దాని ముందు వైపున్న గుండ్రటి రంధ్రంలో ఏదో కనిపిస్తే చెయ్యి పెట్టి, నల్ల ఉన్ని అంచు ఒకటి బయటికి లాగాడు. "ఉత్త డ్రమ్ము గంట కొట్టినట్టు గణగణ మోగుతది బాపూ, గందుకే చప్పుడు మెత్తగ ఉంటదని లోపల పెట్టిన" అన్నాడు టకటక. బావ కొడుకును ఒకసారి, డ్రమ్మును ఒకసారి చూశాడు. "నేను చలికి వణికి సస్తుంటే డోలుకు కప్పినవా" అని, లాగిన అంచును తిరిగి లోపలికి తోసేశాడు.

కార్యక్రమానికి ఇంకా గంట ఉంది. టకటక డ్రమ్ములు కొట్టి చూసుకుంటూ, ముందుండే చిన్న డ్రమ్ము దగ్గర ఆగిపోయాడు. ఈ చెమ్మకు ఇది సరిగ్గా పలకడం లేదని తనలో తానే గొణుక్కొని, గడ్డం సారు కారు వచ్చిందంటే ఎదురుపోయాడు. మేమిద్దరం మిగిలాం. వానకు తోలు మెత్తబడితే ఏం చేయాలో మా ప్రాంతంలో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. బీరప్ప పండుగలో గానీ పెళ్లి ఊరేగింపులో గానీ డప్పుల వాళ్లు ముందు గడ్డి మంట వేసి డప్పులకు సెగ చూపిస్తారు, తోలు బిగిసి ఖంగుమంటుంది. తోట వెనక వంటవాళ్ల కట్టెల పొయ్యి మండుతూనే ఉంది. బావ ఆ చిన్న డ్రమ్మును చంకన పెట్టుకున్నాడు. నేను మేనేజరుగా అనుమతి ఇవ్వడమే కాదు, పర్యవేక్షణకు వెంట కూడా వెళ్లాను. మంటకు జానెడు దూరంలో పట్టుకోవాలనీ, నాలుగు వైపులా సమానంగా తిప్పాలనీ, తొందరపడకూడదనీ చెబుతూ వచ్చాను. పనిలో పద్ధతి ఉండాలి కదా.

మొదట వాసన వచ్చింది. తర్వాత ఆ తెల్లటి పొర మధ్యలో ఒక బుడిపె లేచింది, అది చూస్తుండగానే నూనెలో పడ్డ అప్పడంలా ముడుచుకొని, ఒక పక్క చిరిగిపోయింది. బావ డ్రమ్మును దూరంగా పట్టుకొని ముక్కు ఎగబీల్చాడు. పుట్టినప్పటి నుంచి గొర్రె తోలూ మేక తోలూ మధ్య బతికిన మనిషి. "బామ్మర్దీ," అన్నాడు నెమ్మదిగా, "గిది ఏ జీవం తోలు?" అది ఏ జీవానిదీ కాదనీ, పాల ప్యాకెట్లకు దగ్గరి చుట్టమనీ మా ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

టకటక వచ్చి చూశాడు. మారుద్దామంటే ఇంకో పొర హైదరాబాదులో వాడి గదిలో ఉంది, పోయి రావడానికి సమయం లేదు. ఆ చిన్న డ్రమ్మే అన్నిటికీ ఆయువుపట్టనీ, అది లేకపోతే మిగతావి ఉప్పులేని కూర అనీ పక్కనున్న గిటారు కుర్రవాడు నాకు వివరించాడు (అవసరం లేకపోయినా). అవతల గడ్డం సారు సాక్సఫోన్ పెట్టె తెరుస్తున్నాడు. బావ చేతులు వెనక్కు పెట్టుకొని తుంపరలో నిలబడ్డాడు. కొడుకును ఎలాగైనా వెంట తీసుకుపోవాలని వచ్చిన మనిషి, తీరా ఆ పని తన చేతుల మీదుగానే అయ్యేసరికి తల ఎత్తలేకపోయాడు. నేను, ఆ రాత్రి వాళ్లతో పాటే ఇల్లు చేరదామని వెంట తెచ్చుకున్న నా సూట్‌కేస్ మీద కూలబడ్డాను.

టకటక నా వైపు చూశాడు. నన్ను కాదు, నా కిందకు చూస్తున్నాడని కాసేపటికి తెలిసింది.

"మామా," అన్నాడు, "జర లే."

లేచాను. వాడు వేలి కణుపుతో సూట్‌కేస్ మూత మీద ఒక దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టి, లోపల ఏమున్నాయని అడిగాడు. చెప్పాను. ముందు తువ్వాలు తీసేశాడు, కొట్టి చూశాడు. డైరీలు తీసి నా చేతుల్లో పెట్టాడు, కొట్టి చూశాడు. సర్వపిండి డబ్బా తీసి బావ చేతికిచ్చాడు. అడుగున మా ఇంటి బీరువా తాళాల గుత్తి ఉంది. దాన్ని తీయబోతే నన్ను ఆపాడు. మూత వేసి కొడితే దెబ్బ వెనకే ఆ గుత్తి సన్నగా ఝల్లుమంది. వాడి మొహంలో నవ్వు వచ్చింది. చిన్న డ్రమ్ముకు అడుగున తీగలుంటాయనీ, దాని ప్రాణమంతా ఆ ఝల్లులోనే ఉంటుందనీ చెప్పి, నా రిటైర్మెంటు కానుకను ఒక స్టూలు మీద పెట్టుకొని వేదిక మీద కూర్చున్నాడు.

గడ్డం సారు ఒకసారి సూట్‌కేస్ వైపు చూసి, కళ్లు మూసుకొని, చాలా నిదానమైన పాట ఎత్తుకున్నాడు. టకటక ఆ తీగల కుచ్చులు తీసి నా సూట్‌కేస్‌ను ఊడ్వడం మొదలుపెట్టాడు. బియ్యం చెరుగుతున్నట్టుగా ఒక చప్పుడు, అప్పుడప్పుడు తాళాల గుత్తి ఝల్లు. కింద పెద్ద డ్రమ్ము, కడుపులో గొంగడి పెట్టుకొని, గుండె కొట్టుకున్నట్టు మెత్తగా. నేను డైరీలు కావలించుకొని నిలబడ్డాను. బొటనవేలు ఊగిందా అని అడిగితే, బూటులో ఉండబట్టి ఎవరికీ కనిపించలేదు. బావ డబ్బా పట్టుకొని, మంద నెమరేస్తున్నప్పుడు వినే మనిషిలా తల ఒక పక్కకు వంచి విన్నాడు. చివరికి అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు (రెండు చేతుల్లోనూ సర్వపిండి ఉంది).

అయిపోయాక గడ్డం సారు టకటకను తనతో వచ్చేయమని చెబుతుండగా బావ నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడ్డాడు. మీరు వీళ్ల మేనేజరా అని అడిగాడాయన. "కాదు సారు, కన్నోన్ని" అన్నాడు బావ. "ఒక్క మాట అడుగుత. తోవల తిండి యాళ్లకు పెడ్తరా? పండనీకె ఎండ వాన తాకని జాగా ఉంటదా? పానం బాగలేకుంటే ఇడిచిపెట్టి పోరు గదా?" ప్రతి ఏటా వలస మొదలయ్యే ముందు ఇంటి ఆడవాళ్లు కాపరుల పెద్దను అడిగే ప్రశ్నలవి. గడ్డం సారు సగం కన్నడంలో, సగం తెలుగులో ఒక్కొక్కదానికీ జవాబు చెప్పి, చివర్లో చేతులు జోడించాడు.

తర్వాత బావ నన్ను చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాడు. ఫ్యాక్టరీ ఆయనకు ఫోన్ చేసి పిలగాడు రాడని చెప్పమన్నాడు. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది, ఎంతమందిని బతిమాలి కుదిర్చిన ఉద్యోగమో. ఒక్క జాగలో పడుకోవాలంటివి కదా అని దెప్పాను. ఆయన చాయ్ ఊదుకొని ఒక గుక్క తాగాడు. "మంద ఎంబడి పోతుంటే కట్టె ఇరుగుతది, చెప్పు తెగుతది, కుక్క సస్తది," అన్నాడు. "సంచిల ఏముంటే గదాంతోనే ఎల్లదీస్కోవాలె. గది వచ్చినోడే తోవల బతుకుతడు. నేర్పితే వచ్చేది గాదు బామ్మర్దీ, వీనికొచ్చింది." ఇంకో గుక్క తాగి, "గొంగడి గూడ వాని తాననే ఉండనియ్యి. రాతిరి చలి పెడ్తది" అన్నాడు.

మర్నాడే టకటక బెంగళూరు వ్యాన్‌లో వెళ్లిపోయాడు. గొంగడితో పాటు సూట్‌కేస్ కూడా వెళ్లింది. దాంతో పాటు తాళాల గుత్తి వెళ్లిందన్న సంగతి నల్లగొండ చేరి, బీరువా ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. తాళాల మనిషిని పిలిపించి బీరువా పగలగొట్టించే దాకా మా ఇంటావిడ పట్టుచీర బయటికి రాలేదు, చుట్టాల పెళ్లికి ఆమె వాయిలు చీరలో వెళ్లింది. ఆ మాట ఇప్పటికీ వారానికి ఒకసారైనా మా ఇంట్లో వినపడుతుంది.

ఆ ప్రయాణం రెండు నెలలన్నారు, ఇప్పటికీ అవలేదు. గడ్డం సారు దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి, వాళ్ల దగ్గర్నుంచి ఇంకో దేశానికి, ఒక రాత్రి రాక్, ఒక రాత్రి జాజ్. ఇప్పుడు వాడికి డ్రమ్ములు ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి. అయినా నిదానమైన పాట వచ్చినప్పుడు ఆ బూడిద రంగు పెట్టెనే ముందుకు జరుపుకుంటాడు. ఎప్పుడైనా ఫోన్‌లో ఫొటో పంపిస్తాడు. దాని మూత మీద కొచ్చి, గోవా, సింగపూరు, ఇంకా నేను పలకలేని ఊళ్ల కాగితాలు అతికించి ఉంటాయి. తెచ్చి ఇచ్చేస్తానని రెండుసార్లు అన్నాడు, నేనే వద్దన్నాను. మా ఆఫీసు వాళ్లు దేశాలు తిరగమని దీవించారు. దీవెన ఫలించింది, తగలవలసిన చోటికి ఒక్క జానెడు కింద, నేను కూర్చున్న పెట్టెకు తగిలింది, అంతే.

నేను మాత్రం శ్రీశైలం దాటి పోలేదు. డైరీలు ఇప్పుడు గుడ్డసంచీలో ఉన్నాయి. పొద్దున వరండాలో కూర్చొని పాతవి తిరగేస్తుంటే, అప్పుడప్పుడు ఆ యాభై ఎనిమిదేళ్ల కుర్రవాడు కనిపిస్తాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, ప్లాస్టిక్కును జానెడు దూరంలో పద్ధతిగా కాలుస్తున్న శ్రద్ధ, ఆ తర్వాత దేశాలు తిరగాల్సిన పెట్టె మీదే కదలకుండా కూర్చున్న ఆ వాలకం. నవ్వొస్తుంది. ఒక్కసారి అక్కడికి పోయి, వాడి భుజం తట్టి, మెల్లగా చెప్పాలనిపిస్తుంది. బాబూ, జర లే.