సగం బిళ్ళకు సాక్ష్యం

మా చర్చి సంఘంలో సగం స్వస్థతకు సాక్ష్యం చెప్పే అలవాటు లేదు. జ్వరం రెండు డిగ్రీలు దిగిందని ఎవరూ లేచి నిలబడరు. జబ్బు పూర్తిగా పోవాలి, మందులు సముద్రంలో పారేయాలి, అప్పుడే మైకు చేతికొస్తుంది.

పదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఏడాది క్రితం ఎవరూ లేని గదిలో మాటలు వినిపించేవి. మద్దిలపాలెంలో మానసిక వైద్యురాలు రాసిన బిళ్ళతో అవి సద్దుమణిగాయి. ప్రార్థన కూడా పనిచేసిందని నా నమ్మకం. దేవుడికి బిళ్ళలంటే అలకేమీ లేదనీ నమ్ముతాను. ఒక శనివారం డాక్టరమ్మ, మాటలు మళ్లీ వినిపించలేదని అడిగి తెలుసుకుని, అమ్మాయి బరువు చూసి, నడుము కొలిచి, రక్తపరీక్ష కాగితం చదివి, "ఇకనుంచి సాయంత్రం సగం బిళ్ళ చాలు" అంది.

"ఒకప్పుడు పిల్లలకు ఈ మందు మొదలుపెడితే ఏళ్ల తరబడి అలాగే సాగిపోయేదమ్మా. మొండితనానికి కూడా రాసేసేవాళ్లున్నారు. ఇప్పుడు మీరు వచ్చినప్పుడల్లా, ఇంకా అవసరమా అని చూసుకుంటున్నాం. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి" అని కూడా చెప్పింది.

మర్నాడు ఆరాధనలో మైకు అందుకున్నాను. "దేవుడు నా బిడ్డ బిళ్ళ తీసేశాడు!"

సగం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. హల్లెలూయల హోరుకి వెనక్కి పోయింది. కూర్చోగానే పక్క వరసలో ఉన్న చెల్లెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మిగిలిపోయిన బిళ్ళలుంటే మాకిత్తారేటి? మావోడు సెప్పిన మాట ఇంటం లేదు."

ఆ సాయంత్రం ఆరింటికి మా ఇంట్లోనే ప్రార్థన కూటం. అంతకుముందే అమ్మాయికి అన్నం పెట్టి, సగం బిళ్ళ చేతిలో పెట్టాను.

"ఏటమ్మా ఇది? దేవుడు తీసేసినాడని పొద్దున్న సెప్పేవు కదా."

"సగం తీసేడే తల్లీ."

"ఆ సంగతి మైకుకి తెల్దు. ఇప్పుడు నాను యేసుకుంటే నువ్వు అబద్దం ఆడినట్టు. యేసుకోను." బిళ్ళను సాసరులో పెట్టి చేతులు కట్టుకుంది.

వేసుకోకపోతే నా సాక్ష్యం నిజమైపోతుంది కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం గురించి దేవుడితో తర్వాత విడిగా మాట్లాడుకున్నాను.

అందరూ చాపల మీద సర్దుకున్నాక, మొదటి పాట ఎత్తకముందే లేచాను. "పొద్దున్న నేను చెప్పింది తప్పు. బిళ్ళ పోలేదు, సగమైంది. ఇవాళా వేసుకోవాలి, రేపూ వేసుకోవాలి."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. సాక్ష్యం చెప్పించడం ఆయనకు తెలుసు గాని, దిద్దించడం తెలియదు. అంతలో యారాడ నుంచి వచ్చే, చేపలమ్మే పెద్దమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"అయితే నాను కూడా సెప్పేత్తాను అయ్యగారూ. బీపీ బిళ్ళ మానేసినానని అప్పుడు సాచ్చెం సెప్పినాను కదా. ఆ సోమారమే మళ్లీ మొదలెట్టేసినాను."

అయ్యగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకెవరైనా ఉన్నారా?" అని ఆయన కాస్త భయంగానే అడిగారు.

"సుగరండి," అన్నాడు డోలక్ వాయించే అన్న, తల వంచుకుని.

ఇల్లంతా నవ్వు. ఆ సందులో పొద్దుటి చెల్లెమ్మ మళ్లీ, "మరి మొండికేసే మావోడికి బిళ్ళల సంగతేటి అక్కా?"

జవాబు మా అమ్మాయే చెప్పింది. "మొండితనానికి ఇవ్వరంట పిన్నీ. నానెంత మొండిదాన్నో సూడు, నాకే తగ్గించేసినారు."

సాసరు అందుకుని బిళ్ళ నోట్లో వేసుకుంది. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టేసరికి ఇల్లంతా ఒక్కసారిగా "ఆమేన్" అంది.

"గుటకేసినా ఆమేనేనా?" అంది విసుక్కుంటూ. "పాట ఎత్తండి, నాకు రేపు లెక్కల పరీక్షుంది."