పుట్టకు పెట్టిన దండం

నర్సీపట్నంలో జేసీబీ తోలే సన్యాసినాయుడు రోజూ పొద్దున్నే బకెట్టుకు పసుపు రాసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, చెప్పులు విడిచి సీటెక్కుతాడు. మొన్న లేఅవుటు కోసం జీడితోట చదును చేస్తుంటే పాముల పుట్ట అడ్డొచ్చింది. అప్పటికే సగం చెట్లు పడ్డాయి. అతడు దిగి, పుట్టకు దండం పెట్టి, దాన్ని తప్పించి పక్క చెట్టు మీదికి బకెట్టు ఎత్తాడు. జీడిపిక్కలు ఏరుకునే వెంకటదుర్గ ఎదురొచ్చి నిలబడింది.

"పుట్టకి దండమెట్టినావు. ఈ సెట్టు మీద గూడుంది, దానికేటి సెప్తావు బాబూ?"

అతడు ఇంజను ఆపి, పైకెక్కి కొమ్మల్లోకి చూశాడు. గూట్లో కళ్లు తెరవని పిల్లలు నోళ్లు తెరిచాయి.

సాయంత్రం వచ్చిన లేఅవుటు యజమాని పుట్టను చూసి ఏమీ అనలేదు గానీ, చెట్టును చూసి మండిపడ్డాడు. "దీన్నెందుకొగ్గీసినావురా?"

సన్యాసినాయుడు తల గోక్కున్నాడు.

"పిల్లలెగిరీదాకా ఇదీ పుట్టేనండి."