అత్తను కాదు, కోడలిని అడగండి

దేవమణి మేడానికి కోపం ముక్కు మీదే ఉంటుంది. విజయనగరంలో నర్సింగు చదివే ఆడపిల్లలకు ఆమె చెప్పే పాఠం పేరు బారెడు, సారం మాత్రం రెండే ముక్కలు: రోగితో మాట్లాడండి. "ఓస్, ఇంతేనా!" అనుకుంటారు పిల్లలు. ఇంతే అయితే ఆ మహాతల్లి ఏళ్ల తరబడి గొంతు చించుకోవడం ఎందుకు?

మన వైపు ఆస్పత్రికి ఎవరూ ఒంటరిగా రారు కదా. అత్తో, మావో, పక్కింటి పిన్నో వెంట వస్తారు. వచ్చినవాళ్లే మాట్లాడతారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, రోగి నోరు తెరవబోయినా పక్కవాళ్లు తెరవనివ్వరు. ఇక చెవులు వినపడనివాళ్లయితే సరేసరి, మాట రానివాళ్లకు నొప్పి కూడా రాదనుకుంటారు కాబోలు. బొబ్బిలిలో నర్సుగా ఉన్న రోజుల నుంచీ దేవమణి ఇది చూసి చూసి విసిగిపోయింది. చర్చిలో పాస్టరుగారి ప్రసంగమైనా ముగుస్తుంది గాని నీ పాఠం ముగియదని భర్త ప్రకాష్ ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ!

ఆవేళ ప్రసూతి వార్డులో ఆమె దగ్గర చదివే దుర్గాభవాని డ్యూటీ. అరసవల్లి పిల్ల, బుద్ధిమంతురాలు. పూసపాటిరేగ అవతల తీరపల్లె నుంచి లక్ష్మణమ్మ అనే చేపల బేరగత్తె నెలలు నిండిన కోడలు రేఖను తీసుకొచ్చింది. రేఖకు పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాదు. పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటుంది, చేతులతో చెబుతుంది.

"బిడ్డ బాగా కదులుతున్నాడా అమ్మా?" అని దుర్గాభవాని అడిగింది, అత్తను.

"బాగానే ఉన్నాది తల్లీ. ఊరికే సూపించడానికొచ్చినాం."

అంతలో దేవమణి అటు వచ్చింది. రేఖ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఒక్కో ముఖమే చూస్తోంది. అన్నింటికీ మాస్కులే.

"ఎవరినడిగావే?"

"పెద్దావిడ ఎదురుగా ఉండగా కోడలితో మాట్లాడితే బాగోదు కదా మేడం..."

"నీ మర్యాద మండిపోనూ! కడుపు ఎవరిది?"

"దాన్నడిగితే ఏటి సెప్తాది మేడం? మూగది. ఏటడిగినా నన్నడగండి" అంది లక్ష్మణమ్మ.

"అమ్మా, నువ్వు కాసేపు కూర్చో. పేరుంది కదా, రేఖ అను" అని దేవమణి ఆ పిల్ల వైపు చూసింది.

దుర్గాభవాని బిక్కచచ్చిపోయి, మాస్కు దించి, రేఖ ఎదురుగా కూర్చుంది. మెల్లగా అడిగింది. రేఖ ముఖం ఒక్కసారిగా మారింది. పొట్ట మీద వేళ్లతో తన్నినట్టు చూపించింది. తర్వాత అరచెయ్యి కదలకుండా ఉంచేసింది. కిటికీ వైపు చూపించి, చేతిని మెల్లగా కిందికి దించింది. పొద్దు కుంకినప్పటి నుంచి!

"నిన్న సాయంత్రం నుంచీ కదలట్లేదా?" అని అడిగితే గబగబా తలూపింది, కళ్లనిండా నీళ్లు. ఎన్నిసార్లు చెప్పబోయిందో, ఇంట్లో ఎవరు చూశారు?

"అయ్య బాబోయ్, నాకేటి తెలుసు!" అని లక్ష్మణమ్మ లబోదిబోమంది. ఆమెదీ కడుపు తీపే, అడగాలని తోచలేదంతే.

మిషను పెట్టి చూస్తే బిడ్డ గుండె నీరసంగా కొట్టుకుంటోంది. వెంటనే ఆపరేషన్ అన్నారు డాక్టరుగారు. ఆ మాట కూడా రేఖకే చెప్పి, ఆమె సరేనని తలూపాకే లోపలికి తీసుకెళ్లారు. దేవమణి కూడా లోపలే గోడ వారగా నిలబడి, ప్రభువా, ప్రభువా అనుకుంటూనే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. రెండు క్షణాలు ఏడవలేదు. తర్వాత కెవ్వున ఏడిచింది. "హమ్మయ్య, దక్కింది" అన్నారు డాక్టరుగారు. అందరి భుజాలూ సడలాయి.

ఒక్క రేఖవి తప్ప. ఆమెకు మెలకువగానే ఉంది, నడుముకిచ్చిన మత్తే గనుక. కాని ఆ ఏడుపు ఆమెకు వినపడలేదు. చుట్టూ మాస్కులు, అక్కడ తీయడానికి వీల్లేదు. ఆమె కళ్లు ఒక్కో మాస్కు మీదకీ పరిగెడుతున్నాయి.

దేవమణి అది చూసింది. ఒక అడుగు ముందుకు వేసింది.

దుర్గాభవాని అప్పటికే అక్కడుంది. తుడిచిన బిడ్డను తల్లి భుజం దగ్గరికి తెచ్చి, రేఖ అరచెయ్యి తీసుకుని ఆ చిట్టి రొమ్ము మీద ఆనించింది. ఏడుపుకి ఆ ఒళ్లంతా అదురుతోంది. రేఖకు అర్థమైంది. కళ్లు మూసుకుని చెయ్యి అలాగే ఉంచుకుంది, నవ్వింది.

దేవమణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎంత హాయిగా ఉందో ఆమెకు!

బయట కూర్చున్న అత్తకు కబురు ఆ తర్వాతే వెళ్లింది.