వెయిటింగ్ హాలు కిటికీ ఊచలు

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో నాతో పెరిగినవాళ్ళూ, పాత స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ హాలు గుర్తుందా? దొరల కాలం నాటి మూరెడు మందం గోడలు, కమాను కిటికీలు, వాటికి బొటనవేలంత లావు ఇనుప ఊచలు. ఆ స్టేషన్ పడగొడుతూ ఇవాళ వాటిని గ్యాస్ కట్టర్‌తో కోస్తున్నారు.

ఆరేళ్ళప్పుడు, విజయనగరం నుంచి అమ్మతో వచ్చి దిగిన రోజు, ప్లాట్‌ఫారం మీద డ్యూటీలో ఉన్న నాన్నని చూడాలని ఆ ఊచల మధ్య తల దూర్చాను. చెవులు అడ్డుపడి తల వెనక్కి రాలేదు. బండ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నా మెడ మాత్రం ఇనుములోనే ఉంది.

"ఊచ కోసీండి!" అని నా ఏడుపు విని వచ్చిన నాన్న మీద అరిచింది అమ్మ.

"ఏటే నువ్వు, రైల్వే సామాను కోసీమంటావేటి? సాబ్‌ని అడగొద్దా?" అంటూ ఆయన అనుమతి కోసం పరిగెత్తాడు. కన్నబిడ్డ ఇరుక్కున్నా నాన్నకి రూలే ముందు!

ఆయన తిరిగొచ్చేలోగా అమ్మ, ఊరినుంచి తెచ్చిన ఆవకాయ జాడీ విప్పి, పైన తేలిన నూనె నా చెవులకి పట్టించి తల లాగేసింది. ఆ కారానికి రెండు రోజులు చెవులు మండాయి.

ఇందాక ఆ కిటికీ రెండు నిమిషాల్లో తెగి కిందపడింది. నాన్న ఇప్పుడు లేడు. "ఎవర్నడిగి కోస్తున్నారు?" అని ఆయన బదులు అరవబోయాను. చెవులు మళ్ళీ మండాయి.