ఏటా వచ్చే ఫోను

ఫోన్ చేయలేదని తేల్చి మా అత్తను ఉద్యోగంలోంచి తీసేశారు. విచారణ నీటి సరఫరా కేంద్రంలోనే, మేడ మీద గదిలో జరిగింది. బల్లకు అటు ముగ్గురు పెద్దమనుషులు, ఇటు అత్త ఒక్కతీ. తోడు వెళ్ళిన నన్ను గోడవారన బెంచీ మీద కూర్చోమన్నారు. సూపరింటెండెంటు గొంతు సవరించుకుని, "ఆస్పత్రికి కబురు చేయాల్సింది డ్యూటీలో ఉన్న ఆపరేటరు. చేసినట్టు ఆధారం ఏమీ లేదు" అన్నాడు. మోటార్ల గదిలో ఉన్నది గోడకు తగిలించిన పాతకాలం ఫోను. ఎవరికి చేశారో, ఏం మాట్లాడారో దానికి గుర్తుండదు. మధ్యలో కూర్చున్నాయన అత్త ముఖం చూడకుండానే, "మీరేమైనా చెప్పుకుంటారామ్మా?" అని అడిగాడు.

"లేదండీ" అంది అత్త.

ఆమె ఫోన్ చేసిందని నాకు తెలుసు. మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించే మనిషి, ఆ ఒక్క మాటతో లేచి మెట్లు దిగిపోయింది. ఆ కబురు అందక ప్రాణం పోయింది ఆమె మొగుడిదే.

ఆమెను వీధి వీధంతా మోటారత్త అనేవాళ్ళు. మోటార్ల గదిలో ఏళ్ళ తరబడి పనిచేసి, ఆ హోరులో మాట్లాడినట్టే ఇంట్లోనూ మాట్లాడేది. గ్లాసుతో నీళ్ళిస్తే ముందు వాసన చూసేది, తర్వాతే తాగేది. చుట్టాలింట్లోనూ అంతే. "నీళ్ళలో విషం కలిపామనుకుంటున్నావా వదినా?" అని మా అమ్మ దెప్పితే, "నీ మీద అనుమానం కాదులే, నా మీదే" అనేది.

ఆమె మొగుడు, మా మావయ్య, బస్సు నడిపేవాడు. మూత్రపిండాలు చెడిపోయాక స్టీరింగు వదిలేసి, ఆస్పత్రిలో డయాలసిస్ కుర్చీకి అలవాటు పడ్డాడు. రోజు విడిచి రోజు నేనే స్కూటర్ మీద దింపేవాణ్ణి. ఆ యంత్రానికి నీళ్ళు చాలా కావాలి. ఆ నీళ్ళూ అత్త కేంద్రం నుంచి వచ్చేవే. అదే మావయ్యకు పెద్ద వేళాకోళం.

"అల్లుడూ, పెళ్ళాం మాట తలకెక్కిన మగాళ్ళని చూసుంటావు. నాకు ఏకంగా రక్తంలోకే ఎక్కిస్తున్నారు" అనేవాడు.

"అలా అయినా ఎక్కితే చాల్లే" అనేది అత్త.

ఆ నీళ్ళ సంగతి వేళాకోళం కాదని ఇద్దరికీ తెలుసు. నీటిలో క్లోరిన్ కాస్త ఎక్కువైతే తాగేవాళ్ళకు వాసనేస్తుంది, అంతే. యంత్రం మీదున్నవాళ్ళకు మాత్రం అది రక్తాన్నే విరిచేస్తుంది. ఆస్పత్రిలో వడపోత ఉంది గానీ, అది మామూలు మోతాదునే ఆపగలదు. అందుకే నీళ్ళిచ్చే ప్రతి సంస్థా అత్యవసర ప్రణాళిక ఒకటి రాసిపెట్టుకోవాలనీ, ప్రమాదం వస్తే ముందు ఎవరికి చెప్పాలో అందులో ఉండాలనీ, ఏటా ఒకసారి దాన్ని అభ్యాసంగా నడిపి చూసుకోవాలనీ నియమాలున్నాయి. వాటిని నేను తర్వాత సంపాదించి చదివాను. మంచి నియమాలు. అభ్యాసమైతే అభ్యాసమని మొదటే చెప్పమన్నారు. అసలు ప్రమాదమైతే, అవతలివాళ్ళు విన్నది తిరిగి అప్పజెప్పేదాకా ఫోను పెట్టొద్దన్నారు. రాసినవాడెవడో మనుషులను ఎరిగినవాడే. అమలు చేసినవాళ్ళు ఎరిగింది తనిఖీ అధికారిని.

మొదట్లో అత్త ఆస్పత్రికీ బళ్ళకీ ఫోన్ చేసి, నియమం ప్రకారమే "ఇది అభ్యాసం" అని మొదలుపెట్టేది. ఆ మాట చెవినపడగానే అవతలివాళ్ళు, "అసలుది వచ్చినప్పుడు చేద్దురు లెండి" అని ఠకీమని పెట్టేసేవాళ్ళు. పక్కన కూర్చున్న తనిఖీ అధికారి, కబురు పూర్తిగా అందనట్టే లెక్క అన్నాడు. సూపరింటెండెంటు ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆ మొదటి మాట తీసేయమన్నాడు.

ఆ ఏడు ఒక బడివాళ్ళు నిజమేనని హడలిపోయి, మేడ మీద ట్యాంకు మొత్తం పారబోశారు. పిల్లలు మధ్యాహ్నందాకా దాహంతో అల్లాడారు. గొడవయ్యాక సూపరింటెండెంటు అందరికీ లోపాయికారీగా చెప్పించాడు: మోటారత్త గొంతు వినిపిస్తే కంగారు పడకండి, అది ఉత్తుత్తిదే, చివరిదాకా విని "అందింది" అంటే చాలు. అప్పట్నుంచి అభ్యాసం నున్నగా సాగిపోయింది. అత్త చదివేది, వాళ్ళు అందిందనేవాళ్ళు, పని ఒడిసేది. తనిఖీ అధికారి మెచ్చుకున్నాడు కూడా.

ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు. నిజంగా ప్రమాదం వచ్చినా ఇదే గొంతు, ఇవే మాటలు కదా అని ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు పొద్దున మావయ్యను వార్డు గుమ్మం దాకా నడిపించి, నేను పనిచేసే స్టేషనరీ కొట్టుకు వెళ్ళిపోయాను. మావయ్య మొబైలు ఇంట్లోనే వదిలేసేవాడు. సూదులు గుచ్చిన చేత్తో పట్టుకోలేడు, రెండో చేత్తో నొక్కడం చేతకాదు. అక్కడ కేంద్రంలో క్లోరిన్ వదిలే యంత్రం బిగుసుకుపోయి, మోతాదు తప్పి కుమ్మరించేసింది. అత్త వాసన పసిగట్టి మోటార్లు ఆపింది. అప్పటికే ఆ నీళ్ళు ఊళ్ళోకి వెళ్ళే గొట్టంలో పడ్డాయి. డ్యూటీలో ఇద్దరుండాలి. రెండో మనిషి రిటైరై చాలాకాలమైనా ఆ చోటు నింపలేదు. ఒక్కతే ఫోన్లు చేసి, ఒక్కతే పరిగెత్తి ఆ నీళ్ళను బయటికి వదిలే కవాటాలు తిప్పింది.

మావయ్యను తీసుకురావడానికి నేను వెళ్ళేసరికి వార్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. యంత్రాలన్నీ ఆపేశారు. డాక్టర్లు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి పరుగులు పెడుతున్నారు. మావయ్య చేతికి తగిలించిన గొట్టంలో రక్తం ఎర్రగా లేదు, మరిగి మరిగి నల్లబడిన టీలా ఉంది. పెదాలు నీలంగా మారాయి. నన్ను చూసి దగ్గరికి రమ్మని కళ్ళతోనే పిలిచాడు.

"అల్లుడూ, ఇవాళ మీ అత్త మాట కాస్త ఘాటుగా ఉందిరా" అన్నాడు.

అదే ఆయన ఆఖరి మాట. మిగతావాళ్ళు బతికి బయటపడ్డారు. ఆయన గుండె అప్పటికే బలహీనంగా ఉందట, డాక్టరు చెప్పాడు.

అత్త మోకాళ్ళదాకా తడిసిన రబ్బరు బూట్లతోనే వచ్చింది. వరండాలో నా చెయ్యి పట్టుకుని, "చేశాన్రా. మొట్టమొదట వీళ్ళకే చేశాను" అంది. ఆ మాట మామూలు మనుషుల గొంతంత మెల్లగా వచ్చింది. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అప్పుడే తెలిసింది.

ఉద్యోగం పోయిన కొన్నాళ్ళకు, ఆ వార్డులో పనిచేసే నర్సు మా కొట్టుకు వచ్చింది. చిన్న వయసు పిల్ల. ఒక పెన్ను అడిగి, ఇచ్చాక కూడా కదలకుండా నిలబడింది.

"ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనే అన్నా" అంది.

"ఎత్తి?"

"ఏటా వచ్చేదే అనుకున్నాను. అందిందక్కా అని పెట్టేశాను."

"మరి విచారణలో ఈ మాట చెప్పొద్దా?"

"నన్ను పిలవలేదు. నాకై నేను వెళ్తానంటే, నోరెత్తితే నీ ఉద్యోగమూ పోతుందని మా పెద్ద సిస్టరు బెదిరించింది. పోతే పోయిందిలే అనిపిస్తోందిప్పుడు. అక్క రమ్మంటే ఎక్కడికైనా వచ్చి చెప్తాను. నువ్వే అడుగన్నా, ఆమె ముందుకు వెళ్ళే ధైర్యం నాకు లేదు."

కొట్టు యజమానికి చెప్పకుండానే స్కూటర్ తీశాను. అత్త మీద పడ్డ మచ్చ ఈ దెబ్బతో చెరిగిపోతుందని, సూపరింటెండెంటు ముఖం ఎలా పాలిపోతుందో చూడాలని దారంతా ఉడికిపోయాను. వెళ్ళేసరికి అత్త వంటగదిలో కొళాయి కింద బిందె పెట్టి ఉంది. గ్లాసుడు నీళ్ళు పట్టి, వాసన చూసి, నాకిచ్చింది. ఉన్న సంగతంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ఆ పిల్ల ఎలా ఉంది? తింటోందా?" అని అడిగింది.

"ఆ పిల్ల సంగతి సరేలే. ఇప్పుడు సాక్షి దొరికింది. మళ్ళీ విచారణ అడుగుదాం. నీ పేరు నిలబడుతుంది."

"నువ్వు చదివే పుస్తకాల్లో అలాగే నిలబడతాయి కాబోలు."

"నీ మీద అబద్ధం మోపారత్తా. ఫోన్ చేసి కూడా చేయలేదనిపించుకుంటావా? మొగుణ్ణి నువ్వే పొట్టన పెట్టుకున్నావని వీధిలో అంటున్నారు. వింటూ ఊరుకుంటావా?"

బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఆమె కొళాయి కట్టేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడకు ఆనుకుంది.

"ఆ పిల్ల నీకు అంతా చెప్పలేదులే. నేను చదవడం పూర్తికాకముందే, ‘ఈ ఏడు తొందరగా వచ్చిందే అక్కా’ అని నవ్వింది. నవ్వుతూనే ఫోను పెట్టేసింది. ఆ నవ్వు నేను విన్నాన్రా. ఆ కుర్చీలో మీ మావయ్య ఉన్నాడని తెలుసు, నవ్వు విన్నాను. విని కూడా మళ్ళీ వాళ్ళకు చేయకుండా, తర్వాతి నంబరు తిప్పాను."